వెలుపటివారి సాక్ష్యం

పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రిక మూడో అధ్యాయంలో, సంఘాన్ని నడిపించేవాడికి ఉండవలసిన లక్షణాలు వరుసగా కనిపిస్తాయి. కాపరుల అభిషేకం జరిగే రోజున, పెద్దల ఎన్నిక ముందు వచ్చే ఆదివారాన మన సంఘాల్లో ఆ భాగాన్ని చదవడం ఆనవాయితీ. నిందారహితుడై ఉండాలి, మితానుభవుడై ఉండాలి, అతిథిప్రియుడై ఉండాలి, ధనాపేక్ష లేనివాడై ఉండాలి అంటూ సాగిన ఆ వరుస ఏడో వచనంలో ఇలా ముగుస్తుంది: ‘సంఘమునకు వెలుపటివారిచేత మంచి సాక్ష్యము పొందినవాడై యుండవలెను.’ ఆ వచనాన్ని నేను చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను. అయితే ఆ వచనం చెప్పినట్టు ఎవరైనా నిజంగా వెళ్ళి వెలుపటివారిని అడిగి వచ్చారని మాత్రం ఇంతవరకు ఏ సంఘంలోనూ వినలేదు. అభ్యర్థి అద్దెకు ఉంటున్న ఇంటి యజమానిని గాని, అతడికి నెలసరుకులు అప్పుగా ఇచ్చే కొట్టతణ్ణి గాని, అతడి కింద పని చేసే గుమాస్తాను గాని, వాళ్ళింట్లో అంట్లు తోమే ఆమెను గాని మనం అడగము. మరో కాపరి రాసిచ్చిన సిఫారసు ఉత్తరం చూస్తాము, ప్రార్థన ఎలా చేస్తాడో చూస్తాము, వాక్యం ఎంత ధారాళంగా చెబుతాడో చూస్తాము. అంటే, లోపలివాళ్ళమే లోపలివాళ్ళకు సాక్ష్యం చెప్పుకుని, ఆ విషయం అంతటితో తేలిపోయిందనుకుంటున్నాము.

విశ్వాసి జీవితం ఇతరులకు మాదిరిగా ఉండాలన్న విషయంలో మనవాళ్ళలో ఎవరికీ భేదాభిప్రాయం లేదు. ఆ మాదిరి ఉన్నదో లేదో ఎవరు తేల్చాలన్న దగ్గరే మనం దారి తప్పామని నా అభిప్రాయం. మనల్ని పొగడవలసిన అవసరం లేనివాళ్ళు, మన ప్రసంగం వినడానికి రానివాళ్ళు, అయినా మనతో రోజూ ఏదో ఒక లావాదేవీ తప్పనివాళ్ళు, వాళ్ళే ఆ సంగతి తేల్చాలి. పౌలు అడిగింది అదే. తెలుగు నేల మీద సువార్త వేళ్ళూనిన చరిత్రను కాస్త జాగ్రత్తగా చదివితే అక్కడ కూడా అదే కనిపిస్తుంది.

ముందుగా ఒక చిక్కును పక్కకు తీయాలి. కొండమీది ప్రసంగంలో ప్రభువు ఒకచోట, మనుష్యులు మీ సత్‌క్రియలను చూచి పరలోకమందున్న మీ తండ్రిని మహిమపరచునట్లు మీ వెలుగు ప్రకాశింపనియ్యుడి అన్నాడు. ఆ తరువాతి అధ్యాయం మొదట్లోనే, మనుష్యులకు కనబడవలెనని వారియెదుట మీ నీతికార్యము చేయకుండ జాగ్రత్తపడుడి అన్నాడు. కనబడమన్నాడా, కనబడవద్దన్నాడా అని సండేస్కూలు పిల్లలు అడుగుతుంటారు, అడగవలసిందే. ఈ రెండు మాటలకు పొంతన కుదిరేది ఒక్క పద్ధతిలోనే అని నాకు తోస్తుంది. మనం చూపించుకునే పనులు మనం ఎంచుకున్న చోట, మనం ఎంచుకున్న వేళకు జరుగుతాయి. దగ్గరలో బతికేవాళ్ళు చూసే పనుల మీద మనకు అలాంటి ఎంపిక ఉండదు. అన్నదానం ఫోటోలో ఎవరు పడాలో మనం నిర్ణయించవచ్చు. పొద్దున్నే కూలీతో మనం మాట్లాడే తీరును ప్రహరీ అవతల ఉన్నవాళ్ళు వినకుండా చేయలేము. ప్రభువు మొదటి మాటలో చెప్పిన వెలుగు, ఈ రెండో రకం చూపుకు దొరికే వెలుగే.

ఇప్పుడు ఒంగోలు సంగతికి వస్తాను. ప్రకాశం, నెల్లూరు జిల్లాల బాప్టిస్టు కుటుంబాల్లో పుట్టినవాళ్ళకు క్లౌ దొరగారి పేరు తెలియకుండా ఉండదు. బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ అమెరికా నుంచి 1865లో నెల్లూరు చేరి, మరుసటి సంవత్సరం ఒంగోలుకు మారాడు. 1867 జనవరి 1న ఒంగోలులో సంఘం ఏర్పడినప్పుడు అందులో ఉన్నది ఎనిమిది మంది. పదకొండేళ్ళ తరువాత, 1878 జులై 3న, ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. మన సభల్లో వక్తలు ఈ అంకెను ఎంతో ఉత్సాహంగా చెబుతారు, చెప్పగానే హల్లెలూయా అని కేకలు లేస్తాయి. ఆ రోజున క్లౌ స్వయంగా నీళ్ళలోకి దిగి ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదని, ఆరుగురు తెలుగు బోధకులే ఇద్దరిద్దరుగా వంతులు వేసుకుని ఇచ్చారని మాత్రం చాలామంది వక్తలు చెప్పరు. ఆ అంకె వెనక ఉన్న పదకొండేళ్ళు ఎలా గడిచాయో అంతకన్నా తక్కువమంది చెబుతారు.

ఆ పదకొండేళ్ళు యెర్రగుంట్ల పేరయ్యతో మొదలవుతాయి. ఆయనది తాళ్ళకొండపాడు, కులం మాదిగ, వృత్తి చర్మాల వ్యాపారం. యోగసాధన చేసి, శిష్యులకు ఉపదేశమిచ్చి, ఆ చుట్టుపట్ల పల్లెల్లో గురువుగా గౌరవం పొందినవాడు. 1866లో ఆయన, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నారు. మరుసటి జనవరిలో క్లౌ తాళ్ళకొండపాడు వెళ్ళేసరికి, పేరయ్య మాట విని సిద్ధపడి ఉన్న 28 మంది అక్కడ బాప్తిస్మం పొందారు. ఆ జనం పేరయ్యను కొత్తగా వచ్చిన ప్రచారకుడిగా చూడలేదు. తమ పల్లెల్లో తోళ్ళు కొని, బేరం చేసి, మాట ఇచ్చి, ఆ మాట నిలబెట్టుకున్న మనిషిగా ఏళ్ళ తరబడి ఆయనను ఎరిగి ఉన్నారు. ఆయన చెప్పిన సంగతి కొత్తదే అయినా, చెబుతున్న మనిషి వాళ్ళకు పాతవాడు. ఎవరికీ తెలియని ఊరికి పోయి ప్రసంగించడం కన్నా, అందరికీ తెలిసిన ఊళ్ళో నోరు విప్పడం ఎంత కష్టమో ఆ పని చేసినవాళ్ళకు తెలుస్తుంది.

ఆ కొత్త విశ్వాసులకు పెట్టిన నియమాలు మూడే: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువుల మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. నేటి పాఠకుడికి ఇవి ఏదో మడికి సంబంధించిన చిన్నపాటి కట్టుబాట్లుగా కనిపించవచ్చు. ఆ రోజుల్లో మాదిగపల్లెకు, ఊరికి మధ్య ఉన్న మొత్తం ఏర్పాటును ఆ మూడు నియమాలు కదిలించాయి. చచ్చిన గొడ్డును ఈడ్చుకుపోవడం వాళ్ళ వంతు పని, దాని మాంసం ఆ పనికి ప్రతిఫలంలో భాగం. జాతరలో డప్పు కొట్టడం వాళ్ళ మీద ఊరు మోపిన బాధ్యత. కోతల కాలంలో ఏ రోజైనా సరే పొలంలో ఉండవలసిందే. ఇక మీదట ఇవి చేయలేమని వాళ్ళు అనగానే కరణాలకు, మునసబులకు, పెద్ద రైతులకు కోపం వచ్చింది. కొట్టడం, పని ఇవ్వకపోవడం, దారులు మూయడం, తప్పుడు కేసులు బనాయించడం, ఇవన్నీ జరిగాయి. డప్పును, తిండిని ఆ నియమాలు చిన్నచూపు చూశాయని నేటి దళిత మేధావులు చేసే విమర్శలో న్యాయముందని నేను ఒప్పుకుంటాను. డప్పులో పాపం లేదు, కొట్టి తీరాలన్న నిర్బంధంలోనే పాపం ఉంది, ఈ తేడాను ఆనాటి మిషనరీలు సరిగా చూడలేదు. అయినా, ఆ మూడు నియమాల వల్ల ఒకటి జరిగింది. వాళ్ళ విశ్వాసం మొదటి రోజునుంచే ఊరందరి కళ్ళకు కనిపించే విషయమైంది, రహస్యంగా నమ్మి ఊరుకోవడానికి వీలు లేకుండా పోయింది, వాళ్ళ నిజాయితీని పరీక్షించే పని వాళ్ళ శత్రువుల చేతికే వెళ్ళింది.

తరువాత 1876 నుంచి 1878 వరకు దక్షిణాదిని ఊడ్చిపెట్టిన కరువు వచ్చింది. ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హామ్ కాలువ తవ్వకం చేపట్టినప్పుడు, క్లౌ అందులో మూడున్నర మైళ్ళ పనిని కాంట్రాక్టుకు తీసుకుని, తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. మట్టి తట్టలు మోసినవాళ్ళకు పూర్తి కూలి ముట్టింది, సాయంత్రాలు ఆ బోధకుల పక్కనే కూర్చుని మాట్లాడుకునే వీలు దొరికింది. వేల మంది బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. అన్నం కోసం వస్తున్నవాడెవడో, నమ్మి వస్తున్నవాడెవడో కరువులో తేల్చలేమని, దాదాపు పదిహేను నెలలపాటు బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తగ్గి, పంచడానికి ఇక డబ్బు లేదని స్పష్టంగా చెప్పిన తరువాత కూడా జనం కదలలేదు, అప్పుడే గుండ్లకమ్మ రేవులో ఆ రోజు సాధ్యమైంది. ఆ సంవత్సరం ముగిసేలోగా బాప్తిస్మం పొందినవాళ్ళ సంఖ్య తొమ్మిది వేలు దాటింది. అన్నం ఆశ చూపి మతం మార్చారన్న నిందకు ఇప్పుడు మనం టీవీ చర్చల్లో గొంతు చించుకుని జవాబు చెబుతాము. క్లౌ, అతడి బోధకులు ఆ నింద పుట్టడానికి చోటు లేకుండా పదిహేను నెలలు ఓర్చుకున్నారు. ఈ రోజు మనలో ఎవరికి అంత ఓపిక ఉంది? కానుకలిచ్చేవాళ్ళ సంఖ్య పెరుగుతున్నప్పుడు, ఆగండి, మీ ఉద్దేశం తేలనివ్వండి అని చెప్పగల కాపరిని చూడాలని నాకు ఎంతో ఆశగా ఉంది.

రెండో ఉదాహరణ తెలంగాణలోని దోర్నకల్. వేదనాయకం శామ్యూల్ అజరయ్య తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు, 1909లో మిషనరీగా దోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు అయ్యాడు. 1945లో చనిపోయేదాకా మాల, మాదిగ పల్లెల మధ్యనే పని చేశాడు. కొత్తగా బాప్తిస్మం పొందినవాళ్ళ చేత ఆయన ఒక పని చేయించేవాడు. తమ చేతిని తమ తల మీదే పెట్టుకుని, నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ణి, సువార్తను ప్రకటింపకపోతే నాకు శ్రమ అని వాళ్ళ నోటితో పలికించేవాడు. చదువు రానివాళ్ళు, భూమి లేనివాళ్ళు, ఊళ్ళో ఎవరి ముందూ తల ఎత్తకూడదని నేర్పించబడినవాళ్ళు, తమ తల మీద తామే చేయి పెట్టుకుని ఆ మాట పలకడం ఎంత పెద్ద విషయమో ఊహించండి.

దాని ఫలితం ఎవరూ ఎదురుచూడని వైపు నుంచి వచ్చింది. 1920లు, 30లలో తెలుగు జిల్లాల్లో శూద్ర కులాలవాళ్ళు చెప్పుకోదగ్గ సంఖ్యలో సంఘాల్లోకి రావడం మొదలుపెట్టారు. ఈ సామూహిక మతాంతరాలను పరిశీలించి మెథడిస్టు మిషనరీ జె. వాస్కమ్ పికెట్ 1933లో ప్రచురించిన అధ్యయనం ఆ సంగతిని నమోదు చేసింది. అలా వచ్చినవాళ్ళు చెప్పిన కారణాల్లో ముందు వరసలో ఉన్నది మిషనరీల బోధ కాదు. తమ ఊరి చివర పల్లెలో జరిగిన మార్పును వాళ్ళు చూశారు: తాగుడు తగ్గింది, పిల్లలు బడికి పోతున్నారు, ఇళ్ళు శుభ్రంగా ఉంటున్నాయి, మాట మీద నిలబడుతున్నారు. మనుషులుగా లెక్కలోకి తీసుకోనివాళ్ళ నడవడిని చూసి, వాళ్ళను లెక్కలోకి తీసుకోనివాళ్ళే దేవుణ్ణి గురించి ఆలోచించవలసి వచ్చింది. తెలుగు క్రైస్తవ చరిత్రలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ కదిలించేది ఇదే. మాదిరి ఎప్పుడూ పైనుంచి కిందికి దిగుతుందని, నాయకుడి నుంచి జనానికి, చదువుకున్నవాడి నుంచి చదువు లేనివాడికి పోతుందని మనం అనుకుంటాము. ఇక్కడ అది పల్లె నుంచి ఊళ్ళోకి నడిచింది.

సరిగ్గా ఈ కాలంలోనే, 1930లలో, గాంధీజీ మతాంతరాలను గట్టిగా వ్యతిరేకించాడు. గులాబీ ప్రసంగించనక్కరలేదు, పరిమళం వెదజల్లితే చాలు, క్రైస్తవులు కూడా అలాగే ఉండాలని ఆయన వాదన. అజరయ్యకు, గాంధీజీకి ఈ విషయంలో బహిరంగంగానే విభేదం వచ్చింది. ఇప్పటికీ మన హిందూ మిత్రులు, ఆ మాటకొస్తే మనలోనే మర్యాదస్థులైన కొందరు, సరిగ్గా ఇదే చెబుతారు: మంచిగా బతకండి చాలు, మాటలెందుకు? గౌరవంతోనే నేను దీనితో ఏకీభవించలేను. పేరయ్య మౌనంగా తోళ్ళు కొనుక్కుంటూ పోయి ఉంటే తాళ్ళకొండపాడు జనానికి ఆయన మంచివాడని తెలిసేది, ఎందుకు అలా ఉన్నాడో తెలిసేది కాదు. వేల ఏళ్ళుగా నోరు మూసుకోమని శాసించబడినవాళ్ళతో, మీరు పరిమళిస్తే చాలు, మాట్లాడవద్దు అని చెప్పడం న్యాయమూ కాదు. కాని గాంధీజీ మాటలో మనం తప్పించుకోలేనిది ఒకటుంది. పరిమళం లేనిచోట ప్రసంగం ఎంత పెద్దదైతే అంత హాని. అజరయ్య నోటిని, నడవడిని ఒకే ప్రమాణంలో కట్టాడు. మనం ఆ కట్టును విప్పేసి, నోటిని వేదికకు, నడవడిని ఎవరి ఇంటికి వాళ్ళకు పంచేశాము.

ఇక మన రోజులకు వస్తే, వెలుపటివారి ముందు మన సాక్ష్యం అన్నిటికన్నా బలహీనంగా ఉన్నది కులం దగ్గర. లూథరన్ సంఘాల్లో మాలలు ఎక్కువ, బాప్టిస్టు సంఘాల్లో మాదిగలు ఎక్కువ అన్నది కోస్తా జిల్లాల్లో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి. ఏ మిషను ఏ పల్లెకు ముందుగా వెళ్ళిందన్న చారిత్రక కారణం దానికి ఉంది, అందులో తప్పు లేదు. నూట యాభై ఏళ్ళ తరువాత కూడా పెళ్ళి మాటలు వచ్చేసరికి అదే గీత చెరగకుండా ఉండటంలో తప్పుంది. కతోలికుల్లో రెడ్డి, కమ్మ కుటుంబాలు తరతరాలుగా క్రైస్తవులై ఉండి కూడా దళిత క్రైస్తవుల ఇంట పిల్లనివ్వరు. కర్నూలు ప్రాంతంలో పుట్టి, హైదరాబాదు అగ్రపీఠాధిపతి అయిన పూల ఆంథోని 2022లో కార్డినల్ అయ్యారు, దళితుల్లో ఆ పదవి పొందిన మొదటివారు ఆయనే. నాకు ఎంతో ఆనందం కలిగింది, దానితోపాటు, దీనికి 2022 దాకా ఎందుకు పట్టిందన్న ప్రశ్న కూడా కలిగింది. పెళ్ళి సంబంధాల ప్రకటనల్లో క్రైస్తవ అన్న మాట పక్కన కులం పేరు చూసిన మన హిందూ పొరుగువాడు, క్రీస్తులో యూదుడని గ్రీసుదేశస్థుడని లేదని మనం చెప్పే వచనాన్ని ఎలా నమ్మాలి? అతడు మనల్ని ద్వేషించి అడగడం లేదు, నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాడు.

కట్నం కూడా ఇంతే. చట్టం 1961 నుంచి నిషేధించినదాన్ని మనం కానుక అని, పిల్ల పేరున ఆస్తి అని అంటూ నడుపుతున్నాము. ప్రొటెస్టంటు సంఘాల్లో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. ఈ వివాహానికి అభ్యంతరమేదైనా ఎవరికైనా తెలిస్తే చెప్పాలని సంఘమంతటినీ అడుగుతారు. ఆ మూడు ఆదివారాల్లో ఒక్కసారైనా, ఈ ఇంట్లో కట్నం మాటలు జరిగాయని లేచి చెప్పిన మనిషి లేడు, కాపరి అడిగినదీ లేదు. పెళ్ళికూతురి తండ్రి ఎక్కడెక్కడ అప్పు చేశాడో బయట వడ్డీ వ్యాపారికి తెలుసు. ఆ వ్యాపారి మన సంఘస్థుడు కాడు. వెలుపటివారి సాక్ష్యం అంటే అచ్చంగా ఇలాంటిదే.

చిన్న విషయాలనుకునేవి కూడా ఇక్కడ చిన్నవి కావు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకులు పెట్టకూడదని దేశమంతటా నిబంధన ఉంది. తెల్లవారుజామున నాలుగింటికి గుడి మైకు మోగితే మనకు కష్టంగా ఉంటుందని చెప్పే మనమే, ఉపవాస కూడికల్లో అర్ధరాత్రి దాటాక కూడా పెట్టె స్పీకర్లు ఆపము. పక్కింట్లో పదో తరగతి పరీక్షకు చదువుకుంటున్న పిల్ల ఆ రాత్రి మన దేవుణ్ణి గురించి ఏమనుకుంటుందో ఆలోచించవలసిన బాధ్యత ప్రార్థన చేస్తున్నవాళ్ళదే. సంఘాల ఆస్తుల తగాదాలు ఏళ్ళ తరబడి కోర్టుల్లో నలుగుతున్న సంగతి, ఏ మిషను కాంపౌండు ఎవరి చేతుల్లోకి పోయిందన్న సంగతి నేను విడమరచి చెప్పనక్కరలేదు. వకీళ్ళకు, గుమాస్తాలకు, ఆటోవాళ్ళకు మనకన్నా బాగా తెలుసు.

ఇప్పుడు అన్నిటికన్నా కష్టమైన విషయం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే పరిమితమైంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది, క్రైస్తవులకు మాత్రం నేటికీ లేదు. క్రైస్తవుడైన మాల, మాదిగ మన రాష్ట్రాల్లో బీసీ-సీ, అంటే వెనుకబడిన తరగతుల్లో క్రైస్తవులైన దళితులకు పెట్టిన విభాగం, కింద ఒక్క శాతం రిజర్వేషనుకే అర్హుడు. మతం మారినందుకు ఊళ్ళో ఎవరూ అతణ్ణి కులం నుంచి విడుదల చేయలేదు, కాగితం మీద మాత్రం విడుదల చేశారు. దాంతో వేలాది కుటుంబాలు ఆదివారం చర్చికి వెళుతూ ధృవపత్రంలో హిందువులుగానే ఉండిపోయాయి. వెలుపటివారు ఇది చూపించి, మీ నిజాయితీ ఇదేనా అని అడుగుతారు. వేదిక మీద కొందరు బోధకులు కూడా అదే గొంతుతో, ఉద్యోగం పోయినా సరే సత్యం చెప్పండి అని గద్దిస్తారు.

ఈ గద్దింపును నేను అంగీకరించలేను. సత్యం చెప్పనక్కరలేదని నా ఉద్దేశం కాదు, చెప్పాలి. అబద్ధపు కాగితం మీద నిలబడిన జీవితం విశ్వాసిని లోలోపల తినేస్తుంది, అలా నలిగిపోయినవాళ్ళను నేను దగ్గరగా చూశాను. కాని ఆ సత్యానికి వెల ఎవరు చెల్లించాలి? అగ్రకులంలో పుట్టి క్రైస్తవుడైన బోధకుడికి ఆ ఉత్తర్వు వల్ల పోయేదేమీ లేదు. విదేశీ విరాళాలతో నడిచే పరిచర్యకూ ఏమీ పోదు. పోయేది ఒక్క దళిత విశ్వాసి కొడుకు చదువు, కూతురి ఉద్యోగం. పేతురు తన మొదటి పత్రికలో పెద్దలను, మందకు మాదిరులుగా ఉండుడి అన్నాడు, ప్రభువులైనట్టు ఉండవద్దు అన్నాడు. ఈ విషయంలో మాదిరి చూపదలచిన సంఘం, నిజం చెప్పి సీటు పోగొట్టుకున్న పిల్లవాడి ఫీజు తానే కట్టాలి. కాలేజీలు, ఆసుపత్రులు ఉన్న సంఘాలు ఆ పిల్లలకు వాటిలో చోటు ఇవ్వాలి. ఆ ఉత్తర్వును మార్చమని అడిగే పోరాటంలో అగ్రకుల క్రైస్తవులు ముందు వరసలో నడవాలి. ఆ వెల పంచుకోవడానికి సిద్ధంగా లేనివాడికి, పక్కవాణ్ణి సత్యం చెప్పమని గద్దించే అధికారం లేదు.

మా నాయనమ్మ సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. ఆమెకు చదువు రాదు. సంఘానికి ఆమె ఇచ్చింది పిడికెడు బియ్యమే. వంటకు ఎసరు పెట్టినప్పుడల్లా ఒక గుప్పెడు తీసి వేరే కుండలో వేసి, ఆదివారం తీసుకుపోయేది. ఆమె పోయిన తరువాత, ఊళ్ళో కిరాణా కొట్టు నడిపిన కోమటాయన మా ఇంటికి వచ్చి మా నాన్నతో మాట్లాడాడు. మీ అమ్మగారి ఖాతా నేను ఏనాడూ పుస్తకంలో రాయలేదు, ఆమె చెప్పిందే లెక్క అని ఆయన అన్నాడు. ఒకసారి తాను పొరపాటున ఎక్కువ చిల్లర ఇస్తే, ఆమె ఎండలో తిరిగి వచ్చి ఇచ్చి వెళ్ళిందని కూడా చెప్పాడు. ఆయన జీవితంలో ఏనాడూ చర్చి మెట్టెక్కలేదు, ఎక్కాలని మేము అడగలేదు. మా సంఘపు పుస్తకంలో నాయనమ్మ పేరు ఎదురుగా ఉన్నవి బాప్తిస్మం, మరణం, ఈ రెండు తేదీలే. ఆమె విశ్వాసం గురించి నాకు తెలిసినంతలో అన్నిటికన్నా నమ్మదగిన సాక్ష్యం ఆ కోమటాయన ఇచ్చిందే.

అందుకే నేను ఒక పని అడుగుతున్నాను. పెద్దల ఎన్నికకు గాని, పాస్టరేటు కమిటీకి గాని పేరు ఇచ్చే ప్రతి ఒక్కరి గురించి, సంఘంతో సంబంధం లేని ముగ్గురిని కలిసి మాట్లాడిన తరువాతే ఆ పేరును ఆమోదించాలి. ఆ ముగ్గురిలో ఒకరు అభ్యర్థి చేతి కింద పని చేసి జీతం తీసుకున్నవారై ఉండాలి. మరొకరు ఆయనకు అప్పు ఇచ్చినవారో, ఇల్లు అద్దెకు ఇచ్చినవారో, సరుకు అమ్మినవారో కావాలి. మూడోవారు ఆయన కులానికి చెందనివారై ఉండాలి. స్త్రీలను అడగడం మరిచిపోకూడదు, ముఖ్యంగా ఇంటి పని చేసే స్త్రీలను, ఎందుకంటే మన ఇళ్ళలో ఆదివారపు ముఖాన్ని, సోమవారపు ముఖాన్ని రెండింటినీ చూసేది వాళ్ళు.

దీనికి ఒక అభ్యంతరం వస్తుందని నాకు తెలుసు, ఇప్పటికే వచ్చింది. ఈ రోజుల్లో క్రైస్తవులంటేనే అనుమానంతో చూసేవాళ్ళు పెరిగారు. చర్చిల మీద దాడులు జరుగుతున్నాయి, ప్రార్థనకు ఇల్లు ఇచ్చినవాళ్ళను బెదిరిస్తున్నారు. ఇలాంటి సమయంలో వెలుపటివారిని పిలిచి మన మీద తీర్పు చెప్పమనడం మన మెడకు మనమే ఉరి తగిలించుకోవడం కాదా అని మా సంఘంలో ఒక పెద్దాయన ఆవేదనతో అడిగారు. ఆ ఆవేదన నిజమైనది, దాన్ని తేలికగా తీసివేయలేను. కాని పేతురు తన పత్రిక రాసింది సుఖంగా ఉన్న సంఘానికి కాదు. మిమ్మల్ని దుర్మార్గులని దూషించేవాళ్ళ మధ్యనే మంచి ప్రవర్తన గలవారై ఉండండి, వాళ్ళే మీ సత్‌క్రియలను చూసి దేవుణ్ణి మహిమపరుస్తారు అని ఆయన రాసింది. దూషణ ఉన్నచోటనే ఆ మాటకు పని ఉంది. కాలువ గట్టు మీద బోధకులు, తాళ్ళకొండపాడులో పేరయ్య, వెట్టికి రాలేమని చెప్పి దెబ్బలు తిన్న ఆ పల్లెవాళ్ళు కూడా శత్రువుల ఎదుటే బతికారు. ద్వేషంతో అబద్ధం చెప్పేవాడు ఉంటాడు, అతడి మాటకు తూకం ఎంతో కమిటీ తేల్చుకోగలదు. కాని కూలి ఎగ్గొట్టాడని ఒక కూలీ, అద్దె ఎగ్గొట్టాడని ఒక ఇంటివాడు, కులం పేరు పెట్టి తిట్టాడని ఒక పనిమనిషి వేర్వేరుగా ఒకే మనిషి గురించి చెబితే, అది మతద్వేషం కాదని మనకు తెలుసు. వచ్చే ఎన్నికకు ముందు ఈ ప్రతిపాదనను రాతపూర్వకంగా మా సంఘ కార్యదర్శికి ఇస్తున్నాను. అందులో మొదటి వాక్యంగా ఆ ఏడో వచనాన్నే రాశాను. నేను నిలబడినా సరే, ఎవరు నిలబడినా సరే, ముందుగా వీధి చివరి కొట్టు దగ్గరికి ఇద్దరిని పంపాలని కోరాను.